అంటునది, అంటనిది

ఈ పుటలో మేము ఇంతవఱకు పసిపిల్లల అజీర్ణమును గుఱించియు, వానకాలపు నీటిని గుఱించియు, ఊరగాయల నిలువను గుఱించియు వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసపు విషయము అట్టిది కాదు. పెద్దలయెదుట పలుకుటకు నోరు రానిది. నోరు రాని కారణముననే ఇండ్లలో చెఱుపు చేయుచున్నది. హెచ్.ఐ.వి. యను వైరసును గుఱించియు, అది సోకకున్నను సోకినదేమో యని మనుష్యుని లోలోపల తినివేయు భయమును గుఱించియు నేడు ముచ్చటింపదలచితిమి. కన్యలున్న ఇండ్లలో ఈ పుటను దాచవలసిన పని లేదు. పెండ్లికెదిగిన పిల్ల దీనిని చదువుటయే మేలని మా యభిప్రాయము.

పట్నమునుండి బీజాపురమునకు పోవు బాట మొయినాబాదు, చేవెళ్లల మీదుగా సాగును. బాట కిరుప్రక్కల ముదుసలి మఱ్ఱిచెట్లు. వాని వెనుక కూరగాయల చేలు, పూలతోటలు. ఇప్పుడు ఆ తోటల నడుమ ఫామ్‌హౌసులును రిసార్టులును వెలసినవి. శని, ఆదివారములలో పట్నపువారు విందులకు వత్తురు. లారీలు రాత్రింబవళ్లు నడచును. మన పల్లెల యువకులు డ్రైవర్లుగను, వంటవారుగను, కావలివారుగను అచట పనికి కుదురుచున్నారు. చేతిలో రొక్కము, చెంత స్నేహితులు, ముందర సీసా. అట్టి రాత్రి ఒకడు కాలు జాఱుట వింత కాదు. కాని జాఱినవాని కథ తెల్లవాఱుటతో ముగియదు. మిగిలిన భాగమును మోయునది తఱచుగా ఇల్లాలు.

గత వేసవిలో మొయినాబాదు చేరువ పల్లెనుండి ఒక చిన్నది మాయొద్దకు వచ్చినది. ఆమెకు ఏడాది నిండిన బిడ్డ యున్నాడు. చాలసేపు కొంగు ముడి వేయుచు విప్పుచు కూర్చుండి, తుదకు, “ఆయన నన్ను ముట్టుకుంటలేడమ్మా. గిలాస గూడ యేరే పెట్టుకున్నడు. పోరన్ని ముద్దు పెట్టుకుంటలేడు,” అని యేడ్చినది. ఎనిమిది నెలల క్రిందట ఆమె భర్త మిత్రులతో ఒక విందునకు పోయి, తాగిన మైకమున ఒక అపరిచితురాలితో గడపెనట. తొడుగు వాడెను, అది చినుగలేదు. వారమునకే భయము పుట్టెను. మూడవ నెలలో ఆ భయము సిగ్గును మించిపోగా అతడే భార్యతో చెప్పివేసెను. ఆఱవ వారమున, మూడవ నెలలో, ఐదవ నెలలో, ఆఱవ నెలలో, మొత్తము నాలుగు మార్లు రక్తపరీక్ష చేయించుకొనెను. అన్నిటను వ్యాధి లేదనియే వచ్చెను. ఒక ప్రైవేటు ల్యాబువారు మఱికొన్ని ఖరీదైన పరీక్షలను కూడ అంటగట్టిరి. అయినను అతనికి నమ్మకము కుదురలేదు. ప్రతి ఉదయము అద్దములో నాలుక చూచుకొనును. రోహిణి కార్తె యెండలకు వీపున చెమటకాయలు లేచినచో అది రోగపు దద్దురే యనును. అన్నము సరిగా తినక చిక్కిపోయి, చిక్కిపోవుట వ్యాధిలక్షణమే యని మఱింత కుంగును. రాత్రి రెండు గంటల వఱకు ఫోనులో అదే వెదకుచుండును.

ఆ చిన్నదాని శంక మఱియొకటి. వ్యాధి లేకున్నచో ఇంత భయమేల? ఏదో కాగితమును తననుండి దాచుచున్నాడేమో? ఇట్లు ఒక కప్పు క్రింద రెండు భయములు వేర్వేఱుగా కాపురము చేయుచుండెను.

ఈ వ్యాధి ఎట్లు అంటునో ముందుగా తెలిసికొనవలెను. హెచ్.ఐ.వి. వైరసు అంటింపగలంత మోతాదున ఉండు ద్రవములు కొలది: రక్తము, వీర్యము (దానికి ముందు వచ్చు తడియు ఇందే చేరును), యోనిస్రావము, మలద్వారపు లోపలి స్రావము, తల్లిపాలు. ఇవి శరీరమున నున్నంత మాత్రమున చాలదు. అవి ఎదుటివారి రక్తములోనికి గాని, రహస్యాంగముల లోపలి పలుచని పొఱమీదికి గాని చేరవలెను. చెక్కుచెదరని చర్మము గోడవంటిది. దానిని దాటుట ఈ వైరసునకు చేతకాదు. ఉమ్మి, చెమట, కన్నీరు, మూత్రము, ఇవి దీనిని మోసికొని పోవు వాహనములు కావు. కావున ఒకే గిలాస త్రాగిన నేమి, ఒకే కంచమున తినిన నేమి, ఒకే తువాలు తుడుచుకొనిన నేమి, ఒకే మరుగుదొడ్డికి పోయిన నేమి, అంటదు. బిడ్డను ముద్దాడిన అంటదు. చేతితో తాకుటవలన అంటదు. పెదవుల ముద్దువలన అంటదు. ఇరువురి చిగుళ్లనుండియు రక్తము కాఱుచుండగా గాఢముగా ముద్దాడిన సందర్భములు మాత్రము వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని చెప్పుదురు. నోటితో చేయు సంగమమున ముప్పు మిక్కిలి స్వల్పము; ఇంత యని అంకె వేయుటకు వైద్యులే వెనుకాడుదురు.

దోమల మాట తఱచుగ అడుగుచుందురు. మలేరియా దోమవలన రాగా ఇది యేల రాదు? మలేరియా క్రిమి దోమ కడుపున పెరిగి, దాని లాలాజలములోనికి చేరును. హెచ్.ఐ.వి. దోమలో పెరుగదు, అచట అరిగిపోవును. మఱియు దోమ మనలోనికి వదలునది తన లాలాజలమునే కాని, ముందువాని రక్తమును కాదు. రక్తము పీల్చు గొట్టము వేఱు, ఉమ్మి వదలు గొట్టము వేఱు. సృష్టికర్త ఇంత చిన్న ప్రాణికి రెండు గొట్టములు పెట్టుట మనకు మేలే యైనది.

ఇక లెక్కకు వత్తము. పదివేల కలయికలను తీసికొనుడు. పురుషునకు వ్యాధి యుండి, మందు వాడక, తొడుగు లేక కలిసినచో స్త్రీకి అంటునది పదివేలింట సుమారు 8 మార్లు. స్త్రీకి వ్యాధి యున్నచో పురుషునకు అంటునది సుమారు 4 మార్లు. మలద్వారమున కలిసినచో స్వీకరించువారికి 138 మార్లు. అది చాల యెక్కువ. వ్యాధిగ్రస్తుని సూదిని పంచుకొని మత్తుమందు ఎక్కించుకొనినచో 63. వ్యాధి గల రక్తమునే ఎక్కించినచో తొమ్మిదివేలకు పైబడును. ఇవి అమెరికాలోని ప్రభుత్వ వ్యాధినివారణ సంస్థవారు వాడు అంకెలు. పుండ్లు గాని, ఇతర సుఖవ్యాధులు గాని ఉన్నచో ముప్పు పెరుగును. తొడుగును ఎల్లప్పుడును వాడు జంటలలో వ్యాధి అంటుట నూటికి సుమారు 80 పాళ్లు తగ్గునని పరిశోధనలు తేల్చినవి. ఆ లెక్కలో చినిగినవియు జాఱినవియు కూడ కలిసియున్నవి.

ఇప్పుడు ఆ మొయినాబాదు యువకుని రాత్రిని ఈ త్రాసులో పెట్టి చూతము. ఆ అపరిచితురాలికి వ్యాధి యున్నదని ఎవరు చెప్పిరి? 2021 నాటి అంచనాలలో తెలంగాణమున పెద్దలయందు ఈ వైరసు గలవారు నూటికి 0.47. దానిని విడిచి, ఆమె నూటికి ఇద్దరు వ్యాధిగ్రస్తులున్న సమూహములోనిదే యనుకొందము. నూటికి రెండును పదివేలకు నాలుగును గుణించినచో పది లక్షలకు ఎనిమిది. తొడుగు వాడెను గనుక అందులో ఐదవవంతు. పది లక్షలకు రెండును పూర్తిగా లేదు. (ఈ లెక్కను మావారు పలకమీద సరిచూచినారు. బడిపిల్లలకు ఈ ఉదాహరణము చెప్పజాలనని మాత్రము నవ్వినారు.)

అయితే ఈ అంకెలను చూచి, ఇంతేనా, భయమే లేదని మగవారు విఱ్ఱవీగనక్కఱలేదు. ఒక్క రాత్రికి చిన్నదైన అంకె సంసారములో చిన్నది కాదు. భర్తకు వ్యాధి యుండి భార్య యెఱుగక ఏడాదిలో నూఱు మార్లు కలిసినచో, పదివేలకు ఎనిమిది యనునది నూటికి ఇంచుమించు ఎనిమిదికి పెరుగును; ఏండ్లు గడచినకొలది ఇంకను పెరుగును. మన దేశమున వ్యాధి సోకిన ఇల్లాండ్రలో అనేకులకు అది వచ్చినది భర్తవలననే, పెండ్లిమంచముమీదనే. వారు ఏ తప్పటడుగును వేయలేదు. కావున అంటని చోట అంటునేమో యని వడకుట యెంత తప్పో, అంటుచోట నాకేమగునని నిర్లక్ష్యము చేయుట అంత తప్పు.

పెద్దవయసు వారికి పులిరాజా జ్ఞాపకముండును. 2000 తరువాతి తొలి యేండ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున గోడలమీదను, బస్సులమీదను పులిరాజాకు ఎయిడ్స్ వచ్చునా యని ఒక ప్రశ్న ప్రత్యక్షమాయెను. పులిరాజా యెవడో తెలియక జనము నవ్విరి, చెప్పుకొనిరి. ప్రచారమునకు అది గొప్ప యుక్తియే. కాని ప్రశ్న ఇంటింటికి చేరినంతగా సమాధానము చేరలేదని మాకు తోచును. నాడు ప్రశ్న విన్నవారే నేడు గిలాసలు వేఱు చేయుచున్నారు.

మన దేశమున ఈ వైరసును మొదట కనిపెట్టినవారు ఇరువురు స్త్రీలని చదువరులలో ఎందఱికి తెలియునో! 1985 చివర మదరాసు వైద్య కళాశాలలో సూక్ష్మజీవశాస్త్రమును బోధించుచుండిన డాక్టరు సునీతి సాలమన్ గారు తమ శిష్యురాలగు సెల్లప్పన్ నిర్మల గారిని ఈ పరిశోధనకు పురికొల్పిరి. నిర్మల గారు అప్పటికి 32 ఏండ్ల గృహిణి, ఇద్దఱు పిల్లల తల్లి. ఈ వ్యాధి పడమటి దేశములదే గాని మనది కాదని అందఱును ధీమాగా నున్న రోజులవి. వృత్తిస్త్రీల రక్తపు నమూనాలు ఎనుబదింటిని సేకరించి, మదరాసున పరీక్షాసాధనము లేకపోగా, మంచుపెట్టెలో పెట్టుకొని భర్త తోడురాగా రాత్రి రైలులో వేలూరికి తీసికొనిపోయిరి. ఆఱింట వ్యాధి బయటపడెను. ఆ స్త్రీలను నిందించుటకు గాక, వారిని కాపాడుటకు ఈ పని జరిగినదని సాలమన్ గారి తరువాతి జీవితము చెప్పును. 1993లో వారు మదరాసున ఈ రోగులకొఱకు ఒక సంస్థను స్థాపించి, 2015లో కీర్తిశేషులగు వఱకు వారిని చేరదీసిరి. ఆ సంస్థయు పాల్గొనిన అంతర్జాతీయ పరిశోధన యొకటి తొమ్మిది దేశములలో 1,763 జంటలపై నడచి, 2011లో ఫలితమును వెల్లడించెను. వ్యాధిగ్రస్తులు వెంటనే మందు మొదలిడినచో జీవిత భాగస్వామికి అంటుట నూటికి 96 పాళ్లు తగ్గెను. పిమ్మటి పరిశోధనలు ఇంకొక యడుగు ముందుకు వేసినవి: మందువలన రక్తమున వైరసు కనబడనంతగా అణగి, అట్లే నిలిచినవారినుండి సంగమమువలన వ్యాధి అంటనే అంటదు. ఈ మందు 2004నుండి మన సర్కారు దవాఖానలలో ఉచితము. గర్భిణి మందు వాడనిచో బిడ్డకు సోకుట నూటికి 15 మొదలు 45 వఱకు. సరిగా వాడినచో ఐదుకంటె తక్కువ. కావుననే నెలలు నిండకముందే ఈ పరీక్షను ఏ.ఎన్.ఎమ్. అమ్మ చేయించుమనినపుడు ముఖము చిట్లింపరాదు.

ఆ చిన్నదానిని మేము భర్తతో కూడ చేవెళ్ల సర్కారు దవాఖానకు పొమ్మంటిమి. అచటి కౌన్సెలరు అమ్మాయి పాత కాగితములన్నిటిని తిరుగవేసి, తేదీలను వరుసగా వ్రాసి చూపినదట. వైరసు చొచ్చిన వెంటనే పరీక్షలో తెలియదు. దేహము దానికి ప్రతిగా పదార్థములను పుట్టించుటకు కొంత కాలము పట్టును. పెద్ద ల్యాబులలో చేయు క్రొత్త తరపు పరీక్షలు 45 దినములకు, వ్రేలు పొడిచి చేయు సత్వర పరీక్షలు 90 దినములకు తేల్చిచెప్పును. అంతకుముందు లేదనిన మాట పూర్తి మాట కాదు. ఆ గడువు దాటిన తరువాత, నడుమ మఱల ప్రమాదమేదియు లేనిచో, లేదనిన మాటయే కడపటి మాట. మొదటి పరీక్షలో ఉన్నదని వచ్చినను వెంటనే నిర్ణయింపరు. వేఱు రకముల సాధనములతో మఱి రెండు మార్లు చూచిన తరువాతనే చెప్పుదురు. జ్వరము, గొంతునొప్పి, దద్దురు చూచి వ్యాధిని పోల్చుకొనుట మాత్రము ఎవ్వరికిని సాధ్యము కాదు. క్రొత్తగా సోకినవారిలో అవి కొందఱికి రెండు మొదలు నాలుగు వారములలో వచ్చును, నిజమే; పడిసెము పట్టినవారికిని వచ్చును.

త్రాటిని చూచి పామని బెదరినవాని దృష్టాంతమును వేదాంతులు చెప్పుచుందురు. దీపము తెచ్చినచో భ్రాంతి తొలగునందురు. ఈ యువకుని వంటివారి కథ దానికంటె చిక్కైనది. దీపము తెచ్చి చూచిన పిదప ఇతడు దీపమునే శంకించుచున్నాడు. నాలుగు దీపములు తెచ్చెను. ఐదవది తెచ్చినను ఇంతే. ఇట్టివానికి కావలసినది ఐదవ పరీక్ష కాదు. చేసిన పనికి తనను తాను దండించుకొను మనస్సు ఆ దండనకు రోగమని పేరు పెట్టుకొనినదని మాకు తోచినది. ఇది నిజమైన బాధయే, నటన కాదు. దీనికి మనోవైద్యులున్నారు, మాటలతో చేయు చికిత్సయు, వలసినచో మందును కలవు. 2022నుండి నడచుచున్న టెలిమానస్ అను సర్కారు సేవకు 14416 అను అంకెకు ఫోను చేసినచో తెలుగులోనే మాటలాడుదురు.

ఇల్లాలు చేయదగినది, చేయరానిది కొంత కలదు. అతడు గంటకొక మారు “నాకేమీ లేదు గదా?” యని యడుగును. ప్రతిమారు “ఏమీ లేదు, ఏమీ లేదు” అని జోకొట్టినచో ఆ ప్రశ్నకు మేత వేసినట్లగును. కారణముతో ఒక్కమారు చెప్పి, ఆపైన “దీనిని గుఱించి మాటలాడుకొంటిమి గదా” యని పనిలోనికి మఱలింపవలెను. రాత్రి ఫోనును మంచమునకు దూరముగ ఉంచవలెను. గిలాసను వేఱుచేయుటకు ఒప్పుకొనరాదు. అది అతని భయమునకు ఇంట పీట వేయుట.

మఱియొక మాట. భర్తకు వ్యాధి లేదని తేలుట వేఱు, భర్తను క్షమించుట వేఱు. ఈ రెండు పద్దులను ఒకే పుస్తకమున వ్రాయరాదు. భయపడి చిక్కిపోయినాడు గదా, జాలిపడి మఱచిపొమ్మని అత్తలు చెప్పుదురు. భయపడుట తప్పునకు చెల్లింపు కాదు. అట్లే కోపము మిక్కుటముగా నున్నదని, లేని రోగమును ఉన్నదని కెలకి దండించుటయు తగదు. ఆ చిన్నది మొన్న బతుకమ్మకు పుట్టింటికి పోవుచు మా వాకిట ఆగినది. అతడు ఒకే గిలాస త్రాగుచున్నాడట, బిడ్డను ఎత్తుకొని తిరుగుచున్నాడట, ఇప్పటికి రెండు మార్లు మనోవైద్యుని చూచినాడట. ఆమె మాత్రము ఇంకను మనసిచ్చి మాటలాడుట లేదు. మేమును తొందరపెట్టలేదు.

గడువులను గుఱించి ఒకటి చెప్పుట మిగిలినది. తొడుగు చినిగినను, బలాత్కారము జరిగినను, నిజముగా ముప్పు గలదని తోచినను, 90 దినములు చేతులు ముడుచుకొని కూర్చుండవలసిన పని లేదు. 72 గంటలలోపల, ఎంత త్వరగా నైన అంత మేలు, పెద్ద సర్కారు దవాఖానకు పోయి అడిగినచో, వైద్యుడు యోచించి 28 దినములు వాడు మందునిచ్చును. అది వైరసును నాటుకొననీయదు. పరీక్ష తేలువఱకు భర్తను తొడుగు లేక దరిచేరనీయకుండుట భార్యకు తగును. అందుకు ఆమె ఎవరికిని సంజాయిషీ చెప్పుకొననక్కఱలేదు. సందేహములకు 1097 అను అంకె ఉచితము, పేరు చెప్పనక్కఱలేదు. 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10నుండి అమలులోనున్న చట్టము ప్రకారము ఎవరి సమ్మతి లేకను వారికి ఈ పరీక్ష చేయరాదు, ఫలితమును ఇతరులకు వెల్లడింపరాదు, వ్యాధి కలదని పని నుండి గాని బడి నుండి గాని అద్దె యింటి నుండి గాని తొలగింపరాదు.

మంగలి కత్తిని, జాతరలోని పచ్చబొట్టును, ముక్కుకుట్టు సూదిని గుఱించి కొందఱు సోదరీమణులు అడిగియున్నారు. వెలుపలి గాలిలో ఆఱిన రక్తమున హెచ్.ఐ.వి. త్వరలో శక్తి గోల్పోవును గనుక మంగలి కత్తివలన భయము పేరునకే. కాని కామెర్లు తెచ్చు హెపటైటిస్ బి వైరసు ఎండిన రక్తమున ఏడు దినములైనను బ్రతికియుండగలదు. కావున క్రొత్త బ్లేడు, క్రొత్త సూది అడిగి తీసికొనుడు; బిడ్డలకు ఆ వ్యాధికి గల టీకా పుట్టిన దినముననే సర్కారు దవాఖానలో వేయుదురు, వేసినారో లేదో కార్డులో చూచుకొనుడు.